కొండలెక్కడానికి, ఆటలాడడానికి: కళ్లద్దాలా, లెన్సులా, ఆపరేషనా?

కళ్లద్దాల షాపులో ఫ్రేము ఎంచుకునేటప్పుడు అందరమూ అద్దంలో ముఖం చూసుకుంటాం. గుత్తి కోట ఎక్కడానికో, అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా పోవడానికో, అనంతపురం మైదానంలో క్రికెట్ ఆడడానికో కావలసిన కళ్లద్దాలను మాత్రం అలా ఎంచుకోకూడదు. దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోట, ఒక చేత్తో బండను పట్టుకుని నిలబడినప్పుడు, అద్దం జారితే గాని, చెమటకు మసకబారితే గాని, లెన్సు కిందికి దుమ్ము చేరితే గాని ఏం చేయగలమన్నది ముందు ఆలోచించాలి. పైగా కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఎండ, దుమ్ము, గాలి మూడూ ఎక్కువే కనుక మంచుకొండల కోసం రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. అందువల్ల మీరు తిరిగే చోటును బట్టి, ఈ కింది క్రమంలో ఎంపిక చేసుకోవడం మేలు.

1. ముందు కంటి పరీక్ష చేయించుకోండి

ఏడాది దాటిన పాత చీటీతో ఆటల అద్దాలు చేయించుకోవద్దు. కొత్త పరీక్ష చేయించుకుని, రెండు కళ్ల పవరు, సిలిండరు (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా సమానంగా లేకపోతే దాన్ని సరిచేసే పవరు), యాక్సిస్ (ఆ సిలిండరును అమర్చే కోణం), కనుపాపల మధ్య దూరం అన్నీ చీటీ మీద రాయించుకోండి. చివరిదాన్ని చాలా షాపుల్లో అడిగితే తప్ప రాయరు. తక్కువ సిలిండరు ఉన్నవారు దాన్ని పట్టించుకోకుండా రోజులు నెట్టేస్తుంటారు. బల్ల దగ్గర కూర్చుని చేసే పనిలో ఆ తేడా తెలియకపోవచ్చు గాని, పొద్దు వాలేటప్పుడు కొండ దిగుతుంటే రాతి అంచుల పక్కన నీడ పట్టినట్లు కనిపించి అడుగు ఎక్కడ వేయాలో తేలదు.

మైనస్ పవరు 6 దాటినవారు, అంతకన్నా తక్కువ ఉన్నా కబడ్డీ, కుస్తీ వంటి ఒంటిమీద పడే ఆటలు ఆడేవారు, చుక్కల మందు వేయించుకుని రెటీనాను, అంటే కంటి లోపల వెనుక వైపు ఉండే చూపు పొరను కూడా చూపించుకోవాలి. హ్రస్వదృష్టి ఎక్కువైనప్పుడు కనుగుడ్డు పొడవు పెరిగి రెటీనా పలుచబడుతుంది కనుక దెబ్బ తగిలితే అది చిరిగే ప్రమాదం మిగతావారికన్నా వీరికే ఎక్కువ. చుక్కలు వేసిన తర్వాత కొన్ని గంటలపాటు వెలుతురు చూడలేరు, దగ్గరి అక్షరాలు కనపడవు కాబట్టి ఆ రోజు బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకుపోండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల పల్లెలవారికి పెద్ద పరీక్షల కోసం హైదరాబాదు దాకా పోవలసిన అవసరం అన్నిసార్లూ ఉండదు. పరీక్ష చేసేవారికి మీరు ఏ ఆట ఆడతారో, ఎక్కడ నడుస్తారో చెప్పడం మరిచిపోవద్దు. అది చెప్పకపోతే వారు మీకు ఇంట్లోనూ ఆఫీసులోనూ పెట్టుకునే అద్దాలే రాస్తారు.

2. మీరు పోయే చోటును కంటి లెక్కన చూడండి

ఒక కాగితం తీసుకుని, గడిచిన ఏడాదిలో మీరు ఎక్కువగా పోయిన చోట్లనూ ఆడిన ఆటలనూ రాసుకోండి. ఒక్కో చోటు కంటికి పెట్టే ఇబ్బంది ఒక్కో రకంగా ఉంటుంది.

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే తగ్గకుండా గాలి కొడుతుంది, బండల మీద నుంచి ఎండ కింది వైపు నుంచి కూడా కళ్లలో పడుతుంది; అక్కడ అద్దం జారితే తిరిగి తెచ్చుకునేది లేదు. బెలుం గుహల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. బయటి మండుటెండ నుంచి ఒక్కసారిగా చీకట్లోకి దిగుతారు, లోపల ఉక్కపోతకు ముఖమంతా చెమట పట్టి అద్దాలు మసకబారతాయి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి పోయే దారిలో భవనాశిని వాగు రాళ్లు తడిగా ఉంటాయి, నల్లమల చెట్ల నీడ, ఎండ పక్కపక్కనే మారుతుంటాయి. అనంతపురం చుట్టుపక్కల సైకిలు తొక్కేవారికి ఎదురుగాలి, ఎర్రమట్టి దుమ్ము, సాయంత్రమైతే పురుగులు తప్పవు. రోళ్లపాడు గడ్డిభూముల్లో పక్షులను చూడబోయేవారికి బైనాక్యులర్ సమస్య వేరే ఉంది: కళ్లద్దాలు పెట్టుకున్నవారికి ఐ రిలీఫ్ (దృశ్యం మొత్తం కనిపించేలా కంటికీ బైనాక్యులర్ అద్దానికీ మధ్య ఉండగల దూరం) 15 మిల్లీమీటర్లయినా ఉన్న బైనాక్యులర్ కావాలి, దాని కంటి గిన్నెలను లోపలికి తిప్పుకోవాలి, లేకపోతే దృశ్యం చుట్టూ నల్లటి వలయమే కనిపిస్తుంది.

ఇలా రాసుకున్నాక మీ జాబితాలో దుమ్ము ఎక్కువగా తేలితే మొగ్గు కళ్లద్దాల వైపు ఉండాలి. చెమట, ఒంటిమీద పడే ఆట ఎక్కువగా తేలితే లెన్సుల వైపు ఉండాలి. రెండూ సమానంగా ఉన్నవారికి రెండూ అవసరమే. దీన్ని వృథా ఖర్చుగా నేను అనుకోను.

3. కళ్లద్దాలైతే, అద్దం పదార్థాన్ని పేరు పెట్టి అడగండి

కొండకూ ఆటకూ గాజు అద్దం పనికిరాదు. పగిలితే ముక్కలు కంట్లోకే పోతాయి. మామూలు షాపుల్లో ఇచ్చే సిఆర్-39 ప్లాస్టిక్ చూపుకు చాలా స్పష్టంగా ఉంటుంది గాని గట్టి దెబ్బకు పగులుతుంది. ఆటకు పాలీకార్బొనేట్ గాని, ట్రైవెక్స్ గాని అడగాలి. పాలీకార్బొనేట్ కొంచెం పలుచగా వస్తుంది, దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది, అతినీలలోహిత కిరణాలను తనంతట తానే ఆపుతుంది. అయితే సులువుగా గీతలు పడుతుంది, పవరు ఎక్కువైతే అంచుల్లో రంగులు విడిపోయినట్లు కనిపిస్తాయి. ట్రైవెక్స్ అంతకన్నా తేలిక, చూపు కూడా మరింత శుభ్రం, కాని అన్ని షాపుల్లోనూ దొరకదు, తెప్పించాల్సి రావచ్చు. పవరు 3 లోపు ఉన్నవారికి, దొరికితే ట్రైవెక్స్ మంచిదని నా అభిప్రాయం. పిల్లలకూ, ఒక కంటితోనే బాగా చూడగలిగేవారికీ మాత్రం ఆటలోనే కాక రోజంతా పాలీకార్బొనేటో ట్రైవెక్సో తప్పదు. ఉన్న ఆ ఒక్క కన్నూ పోతే మళ్లీ తెచ్చుకోలేం.

అద్దం గట్టిదైనంత మాత్రాన సరిపోదు, ఫ్రేము కూడా గట్టిగా ఉండాలి. మామూలు ఫ్రేములో దెబ్బకు అద్దం వెనక్కి ఊడి కంటికే తగులుతుంది. ఆటల కోసం చేసిన ఫ్రేముల్లో అద్దం ముందుకే ఊడేలా లోపలి అంచు ఎత్తుగా ఉంటుంది. షటిల్ ఆడేవారు ఇది తప్పక చూసుకోవాలి, ఎందుకంటే కాక్ కంటిగూటిలోకి సరిగ్గా పట్టేటంత చిన్నది. క్లైవ్ లాయిడ్, డేనియల్ వెటోరి వంటివారు కళ్లద్దాలతోనే టెస్టు క్రికెట్ ఆడారు, గ్లాకోమా అనే కంటి జబ్బు వచ్చిన ఎడ్గార్ డేవిడ్స్ గాగుల్స్ పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడాడు. కాబట్టి అద్దాలు పెట్టుకుని ఆడడానికి పిల్లలు సిగ్గుపడవలసిన పని లేదని ఇంట్లో పెద్దలు చెప్పాలి.

ఫ్రేము ఎంచుకునేటప్పుడు చెవుల దగ్గర, ముక్కు దగ్గర రబ్బరు ఉందో లేదో చూడండి. పూర్తి లోహపు ఫ్రేము మే నెల ఎండకు కణతల దగ్గర కాలుతుంది, చెమటకు జారుతుంది. అద్దం పైఅంచుకూ కనుబొమకూ మధ్య కొంచెం గాలి ఆడే సందు ఉంటే మసక తగ్గుతుంది. తల వెనుకకు కట్టే సాగే తాడు చవకే. దాన్ని మాత్రం వద్దనుకోకండి. సైకిలు తొక్కేవారు హెల్మెట్‌ను షాపుకు తీసుకుపోయి, రెండూ కలిపి పెట్టుకుని చూసుకోవాలి.

చుట్టూ వంగి ఉండే ఫ్రేము గాలినీ దుమ్మునూ బాగా ఆపుతుంది, కాని ఆ వంపులో మామూలు పవరు అద్దం బిగిస్తే పక్కలు వంకరగా కనిపిస్తాయి, నేల లోతు తప్పుగా తోస్తుంది. వంపుకు తగినట్లు పవరును సవరించి అద్దం చేయగలరా అని షాపువారిని సూటిగా అడగండి. ఆ మాట వారికి అర్థం కాకపోతే ఆ ఫ్రేము అక్కడ చేయించుకోవద్దు. మైనస్ 4 దాటినవారికి ఈ రకం అద్దాలు కుదరడం కష్టం కాబట్టి, బయట నల్లని కవచం, లోపల చిన్న పవరు అద్దాలు తగిలించే రకం తీసుకోవచ్చు. అందులో మసక పట్టడం మాత్రం ఎక్కువ.

4. రంగు, నలుపు ఎంత ఉండాలో తేల్చుకోండి

నలుపు వేరు, అతినీలలోహిత రక్షణ వేరు. రక్షణ లేని నల్లద్దం పెట్టుకుంటే కనుపాప తెరుచుకుని మరిన్ని కిరణాలు లోపలికి పోతాయి కనుక అది ఏమీ పెట్టుకోకపోవడం కన్నా చేటు. తిరునాళ్లలో కొనే చల్లద్దాలను నమ్మవద్దు. యువి 400 అన్న గుర్తు ఉన్నవి కొని, షాపులో యంత్రం ఉంటే పరీక్షించమనండి.

నలుపును 0 నుంచి 4 వరకు తరగతులుగా లెక్కిస్తారు. మన ఎండకు 3వ తరగతి సరిపోతుంది. అది వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి రానిస్తుంది. 4వ తరగతి మంచు మీద నడిచేవారికి ఉద్దేశించినది, దాన్ని పెట్టుకుని బండి నడపకూడదు. చెట్ల నీడలో నడిచేవారికి 2వ తరగతి మేలు. గోధుమ రంగు అద్దంలో రాళ్ల ఎత్తుపల్లాలు బాగా తేలి కనిపిస్తాయి, బూడిద రంగులో రంగులు మారకుండా ఉంటాయి. కొండకు గోధుమ రంగే మేలంటాను.

ఎండకు నల్లబడి నీడకు తెల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన షాపుల్లో అందరికీ ముందుగా చూపేవి అవే. అవి అతినీలలోహిత కిరణాలకు నల్లబడతాయి కనుక కారు అద్దం వెనుక సరిగా పనిచేయవు. వేడి పెరిగేకొద్దీ అవి తక్కువగా నల్లబడతాయి. అంటే 42 డిగ్రీల ఎండలో, సరిగ్గా అవసరమైనప్పుడే, చలికాలంలో నల్లబడినంత నల్లబడవు. తెల్లబడడానికి కూడా కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి ఎండలోంచి నేరుగా బెలుం మెట్లు దిగేవారు కాసేపు ఆగి దిగాలి. ఊళ్లో తిరగడానికి అవి హాయిగానే ఉంటాయి. కొండకు మాత్రం, తెల్లద్దాల జత ఒకటి, నల్లద్దాల జత ఒకటి విడివిడిగా ఉండడమే నమ్మకం.

పోలరైజ్డ్ అద్దం నీళ్ల మీదా బండల మీదా మెరుపును తీసేస్తుంది. చెరువులో పడవ నడిపేవారికీ చేపలు పట్టేవారికీ అది వరమే. తడి రాళ్ల మీద నడిచేవారికి మాత్రం ఆ మెరుపే జారుడును చెప్పే గుర్తు కాబట్టి వాగుల్లో నడిచేటప్పుడు అది అంత మంచిది కాదు. కొన్ని ఫోన్ తెరలు కూడా దాని వెనుక నల్లగా కనిపించి, దారి చూసుకోవడం కష్టమవుతుంది.

5. నలభై దాటితే చత్వారం సంగతి

ఇది చిన్నదిగా తోచినా, కొండ దిగేటప్పుడు పడిపోవడానికి ఇదీ ఒక కారణమే. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం పుస్తకం దూరానికి అమర్చి ఉంటుంది. తల వంచకుండా మెట్టు వైపు చూస్తే అదే భాగంలోంచి చూస్తారు, మెట్టు అంచు మసకబారి, ఉన్న చోటు కన్నా వేరే చోట ఉన్నట్లు తోస్తుంది. అహోబిలం, యాగంటి, తిరుమల కాలినడక, ఏదైనా సరే, నడకకు దూరపు పవరు ఒక్కటే ఉన్న అద్దాలు వేరుగా చేయించుకోండి. చదవడానికి చిన్న రీడింగ్ అద్దాలు జేబులో పెట్టుకుంటే చాలు.

6. లెన్సులు పెట్టుకోదలిస్తే

కాంటాక్ట్ లెన్సులకు కొన్ని గొప్ప సుగుణాలు ఉన్నాయి: మసకబారవు, జారవు, పక్కచూపు పూర్తిగా ఉంటుంది, పైన పవరు లేని మామూలు చల్లద్దాలు పెట్టుకోవచ్చు. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవారికీ పవరు ఎక్కువ ఉన్నవారికీ వాటికి మించినది లేదు. లెన్సులో యువి రక్షణ ఉన్నా అది కప్పినంత మేరకే పనిచేస్తుంది, తెల్లగుడ్డుకూ రెప్పలకూ కాదు. కనుక చల్లద్దాలు మానవద్దు.

కళ్లద్దాల చీటీతో లెన్సులు కొనకూడదు. కంటి వంపును కొలిచి, కొన్ని గంటలు పెట్టించి చూసిన తర్వాతే లెన్సు చీటీ రాస్తారు. పవరు కూడా మారుతుంది. కళ్లద్దాల్లో మైనస్ 6 ఉంటే లెన్సులో సుమారు మైనస్ 5.5 దగ్గరకు వస్తుంది. సిలిండరు ఉన్నవారు టోరిక్ లెన్సులు అడగాలి. గట్టి లెన్సుల కిందికి దుమ్ము సులువుగా చేరుతుంది కనుక మన ప్రాంతపు ఆటలకు మెత్తని లెన్సులే తగినవి. వాటిలోనూ ఒకరోజు వాడి పారేసే రకం అన్నిటికన్నా మంచిది: కడగవలసిన పని లేదు, డబ్బాలో దాచవలసిన పని లేదు, కంట్లో మన్ను పడితే తీసి పారేసి కొత్తది పెట్టుకోవచ్చు. నెలరోజులు వాడే లెన్సులు చవకగా తోస్తాయి గాని ద్రావణం, డబ్బా, శుభ్రమైన చోటు కావాలి. గుడారంలో అవి ఎక్కడ దొరుకుతాయి?

లెన్సుకు నీళ్లు తగలనివ్వకూడదు. బోరు నీళ్లు, బాటిలు నీళ్లు, పెన్నా నీళ్లు, చూడడానికి ఎంత తేటగా ఉన్నా వాటిలో అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది లెన్సు కింద చేరి నల్లగుడ్డును పుండు చేస్తే నయం కావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి చూపే పోతుంది. అందుకే ఈతకు ముందు లెన్సులు తీసేయాలి, ఈదేవారు పవరు ఉన్న ఈత గాగుల్స్ చేయించుకోవాలి. గండికోటలో గుడారం వేసుకుని రాత్రి పడుకునేవారు ఎంత అలసట ఉన్నా లెన్సులతో నిద్రపోకూడదు. నిద్రలో కంటికి గాలి తగ్గి ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి, బాగా ఆరనిచ్చి, అప్పుడే లెన్సు ముట్టుకోండి. చేతులు కడుక్కునే వీలు లేని చోట కళ్లద్దాలే పెట్టుకోండి. లెన్సులు పెట్టుకుని మోటారుసైకిలు మీద కొండ దగ్గరకు పోయేవారు పైన చుట్టూ మూసే అద్దాలు తప్పక పెట్టుకోవాలి.

7. ఆపరేషన్ గురించి ఆలోచిస్తుంటే

పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం ఏడాదిగా పవరు మారనివారికే లేజరు ఆపరేషన్ చేస్తారు. చాలామంది డాక్టర్లు 21 దాకా ఆగమంటారు. ముందుగా నల్లగుడ్డు మందం, ఆకారం కొలిచి, కెరటోకోనస్ అనే, నల్లగుడ్డు పలుచబడి ముందుకు ఉబ్బే జబ్బు లేదని నిర్ధారించాలి. ఆ కొలతలకు ముందు మెత్తని లెన్సులను వారం నుంచి రెండు వారాలు మానాలి, లేకపోతే కొలతలే తప్పుగా వస్తాయి.

లాసిక్‌లో నల్లగుడ్డు పైపొరను మూతలా తెరిచి మళ్లీ మూస్తారు. ఆ మూత చాలాకాలం తర్వాత కూడా గట్టి దెబ్బకు కదలవచ్చు. కనుక కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్ ఆడేవారు డాక్టరుకు ఆ మాట చెప్పి, మూత లేని పీఆర్‌కే, స్మైల్ పద్ధతుల గురించి అడగాలి. పీఆర్‌కే చేయించుకుంటే మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఆ తర్వాత నెలలపాటు ఎండలో యువి అద్దాలు లేకుండా తిరిగితే నల్లగుడ్డు మీద మసక ఏర్పడవచ్చు. అందువల్ల వేసవి ముందు కాక వానలు మొదలయ్యాక ఆపరేషన్ పెట్టుకోవడం మంచిది. ఆపరేషన్ తర్వాత కళ్లు పొడిబారడం సాధారణం, మన పొడిగాలిలో అది ఎక్కువగా బాధిస్తుంది. చత్వారాన్ని ఈ ఆపరేషన్ ఆపదు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారవుతూ మైదానాల్లో పరుగులు తీసే యువకులు, ఆ నోటిఫికేషన్‌లో కంటి ఆపరేషన్ గురించి ఏం రాశారో చదివిన తర్వాతే నిర్ణయించుకోవాలి.

ఎత్తైన కొండలకు పోయేవారికి ఇంకో మాట. 1996లో ఎవరెస్టు మీద అమెరికా వైద్యుడు బెక్ వెదర్స్‌కు చూపు మసకబారడానికి, ఆయన అంతకు ముందు చేయించుకున్న రేడియల్ కెరటాటమీ అనే పాత పద్ధతి ఆపరేషనే కారణమైంది. గాలిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ కోతలు ఉన్న నల్లగుడ్డు ఆకారం మారుతుంది. నేటి పద్ధతుల్లో ఆ ఇబ్బంది అంతగా లేదు, హార్స్‌లీ హిల్స్ ఎత్తులో దాని ప్రసక్తే రాదు. ఇక్కడి నుంచి హిమాలయ యాత్రలకు పోయేవారు మాత్రం డాక్టరుతో ఒకసారి మాట్లాడుకోవాలి.

8. ఇంట్లో పరీక్షించి, సంచిలో సర్దుకోండి

కొత్త అద్దాలతో నేరుగా కొండకు పోవద్దు. మిద్దె మెట్లు పదిసార్లు ఎక్కి దిగండి, వంగి చెప్పుల తాళ్లు కట్టుకోండి, తల పైకెత్తి నీళ్లు తాగండి, పొద్దు గుంకేటప్పుడు వీధిలో నడవండి. ఎక్కడ జారినా షాపుకు పోయి సరిచేయించుకోండి.

సంచిలో రెండో జత కళ్లద్దాలు గట్టి పెట్టెలో పెట్టుకోవాలి, లెన్సులు వాడేవారు కూడా. పవరు చీటీని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. దుమ్ము పట్టిన అద్దాన్ని చొక్కా చెంగుతో పొడిగా తుడవద్దు, మన మట్టిలోని ఇసుక గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే మెత్తని గుడ్డతో అద్దండి. బోరు నీళ్లు అద్దం మీద అలాగే ఆరనిస్తే తెల్లటి మరకలు పడతాయి. ఎండలో నిలిపిన కారులో అద్దాలను వదిలేస్తే పూత పగుళ్లు బారుతుంది. చెమట ఎక్కువ పట్టేవారు నుదుటికి తువాలు కట్టుకోవడం బాగా పనిచేస్తుంది.

9. కంటికి దెబ్బ తగిలితే

కంపచెట్లలో నడిచేటప్పుడు ముల్లో, ఆకు అంచో కంటికి గీసుకుపోవడం మనవైపు మామూలే. ఆకు, గడ్డి, ముల్లు వంటి పచ్చి వస్తువు గీసుకున్న కంట్లో బూజు జాతి ఇన్ఫెక్షన్ పట్టే అవకాశం ఎక్కువ. అది మొదట చిన్నగా ఉండి కొన్ని రోజుల తర్వాత ముదురుతుంది. దుమ్ము మాత్రమే పడితే శుభ్రమైన నీళ్లతో కడగండి, నలపవద్దు. ముల్లు గుచ్చుకుని ఉంటే లాగవద్దు, నొక్కకుండా పైన గిన్నె లాంటి కప్పు కట్టి ఆసుపత్రికి పోండి. ఆకు పసరు, చనుబాలు పోయడం వంటివి చేయనివ్వవద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే బూజు ఇన్ఫెక్షన్ మరింత పెరుగుతుంది, కాబట్టి అవి కూడా వద్దు. లెన్సు ఉంటే వెంటనే తీసేసి, దాన్ని పారేయకుండా డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు తీసుకుపోండి, దానిమీద పరీక్ష చేసి ఏ సూక్ష్మజీవో కనుక్కోవచ్చు. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, కంటి ముందు మెరుపులు, కొత్తగా తేలే నల్లచుక్కలు, తెర దిగినట్లు చూపు మూసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా మరునాటి దాకా ఆగకుండా అదే రోజు కంటి డాక్టరును కలవాలి.